పదిహేనో పేరు

ఉదయం ఏడున్నర. ఒక పొయ్యి మీద గుడ్లు ఉడుకుతున్నాయి, రెండో దాని మీద టీ మరుగుతోంది. మూడో తరగతి టీచరు ఒక చేత్తో లంచ్ బాక్సులు సర్దుతూ, రెండో చేత్తో నిన్న మిగిలిపోయిన నోటుబుక్కులు దిద్దుతోంది. గుమ్మం దగ్గర కూతురు బూట్ల లేసులు కట్టుకుంటోంది. ఇంకా తొమ్మిదేళ్లు నిండలేదు గానీ నోరు క్షణం ఊరుకోదు. అందుకే ఇంట్లో అందరికీ అది పిచ్చుక. లేసును ఒక్కో కన్నంలోంచి లాగుతూ ఏవో అంకెలు లెక్కపెడుతోంది. ఆ అంకెలు ఆ ఇంట్లో ఎవరూ ఎరిగినవి కావు.

"ఏమిటే ఆ గొణుగుడు?" అన్నది నాన్నమ్మ, పేపరు దించి.

"ఒకటి నుంచి పది నాన్నమ్మా! మిల్లు వాళ్ల భాషలో. ఏడు అనాలంటే నాలుక మడతపెట్టాలి. చూడు..."

"నువ్వేమీ మడతపెట్టక్కర్లేదు. ముందు మన ఎక్కాలు తిన్నగా చెప్పడం నేర్చుకో."

ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి ఆవిడ. వీధిలో చిన్నాపెద్దా అందరూ పెద్ద టీచరు అనే పిలుస్తారు. మాట ఎంత ఖచ్చితమో చేతిరాత అంత ముచ్చట. గీత గీసినట్టుండే ఆ అక్షరాల కోసం ఇప్పటికీ జనం అర్జీలు రాయించుకోవడానికి వస్తుంటారు.

"అమ్మాయ్, నీ క్లాసులో ఏం జరుగుతోందో నాకర్థం కావడం లేదు," అన్నది కోడలితో. "వాళ్లు మన భాష నేర్చుకోవాలా, మన పిల్లలు వాళ్లది నేర్చుకోవాలా?"

"రెండూ జరుగుతున్నాయి అత్తయ్యా. ఒకదానికొకటి అడ్డం రావడం లేదు," అన్నది కోడలు, బాక్సు మూత బిగించి.

భర్త అప్పుడే దుకాణానికి బయల్దేరుతున్నాడు. బజారు మలుపులో ఆయనకు కళ్లద్దాల దుకాణం ఉంది. బడిలో తల్లిదండ్రుల కమిటీకి కార్యదర్శి కూడా ఆయనే. రోజూ అత్తాకోడళ్ల మాటలకు ఏదో ఒక చమత్కారం తగిలించనిదే గడప దాటని మనిషి, ఆ రోజు మాత్రం తాళంచెవులు తీసుకుని తల వంచుకుని వెళ్లిపోయాడు. ఏదో హడావుడిలో ఉన్నాడనుకుంది ఆమె.

ఊరి చివర నూలు మిల్లు తెరిచి రెండేళ్లయింది. వేరే రాష్ట్రం నుంచి కుటుంబాలు వచ్చి మిల్లు వెనకాల క్వార్టర్స్‌లో దిగాయి. వాళ్ల పిల్లలు ఈ బడికే వస్తున్నారు. మూడో తరగతిలో ముప్పై ఎనిమిది మంది ఉంటే అందులో పద్నాలుగు మంది ఇళ్లలో మాట్లాడే భాష వేరు. మొదటి నెలంతా ఆ పద్నాలుగు మంది గోడకు అతుక్కుపోయి కూర్చున్నారు. టీచరు ఏం చెప్పినా తలూపారు, ఏం అడిగినా నేల చూశారు. చెప్పిందే మరింత గట్టిగా చెప్పి చూసిందామె. గొంతు పోయింది తప్ప ఫలితం లేదు. తర్వాత దారి మార్చింది. మిల్లు పిల్లల్లో ఒకరినీ ఊరి పిల్లల్లో ఒకరినీ జంటగా కూర్చోబెట్టింది. ముందు మీ మాటల్లో చెప్పుకోండి, తర్వాత బడి భాషలో నాకు చెప్పండి అన్నది. గోడ మీద ప్రతి బొమ్మ కిందా రెండు భాషల్లో పేర్లు రాయించింది. పాఠాలు నెమ్మదించిన మాట నిజమే. ఒక యూనిట్ వెనకబడ్డారు కూడా. కానీ నేల చూసే పిల్లలు ఒక్కరూ మిగల్లేదు.

ఆ రోజు పదకొండింటికి హెడ్మాస్టర్ కబురు పంపాడు. ఆయన బల్ల మీద టైపు చేసిన కాగితం ఉంది. పద్నాలుగు పేర్లు, చివర సంతకానికి ఖాళీ.

"సంతకం పెట్టమ్మా. సోమవారం నుంచి వీళ్లకు వేరే గది."

"వేరే గది ఎక్కడుంది సార్?"

"అదే... సామాన్ల గది ఖాళీ చేయిస్తున్నాం. భాష వచ్చేదాకా వాళ్లు అందులో ఉంటారు."

"అక్కడ మాట్లాడేవాళ్లంతా వాళ్లే అయితే వాళ్లకు ఈ భాష ఎవరి నోటినుంచి వస్తుంది? చీపుళ్ల నుంచా?"

హెడ్మాస్టర్ నవ్వు ఆపుకున్నాడు. చెడ్డవాడు కాదు, భయస్థుడు. "ఈ పిల్లలు పాఠం అందుకోలేకపోతున్నారని నువ్వు ధ్రువీకరిస్తే చాలు. మిగతాది నేను చూసుకుంటా."

"అందేలా చెప్పడం మనకింకా పూర్తిగా చేతకాలేదని రాయండి సార్. ఇప్పుడే పెడతా సంతకం."

"నాతో వాదిస్తే ఏం లాభం? తల్లిదండ్రులు రాసిచ్చారు. చూడు!" అంటూ ఇంకో కాగితం తోశాడు.

ఆమె చదవడం మొదలుపెట్టింది. 'ఈ పిల్లల కారణంగా మా పిల్లల చదువు దెబ్బతింటున్నది. వీరి మాట, నడవడిక మా పిల్లలకు అంటుకోకముందే...' అక్కడ ఆగిపోయింది. ఆపింది మాట కాదు, అక్షరం. గీత గీసినట్టున్న వరసలు, ప్రతి దీర్ఘానికీ కొలిచినట్టున్న వంపు. కింద ఇరవై రెండు సంతకాలు. మొదటిది కార్యదర్శిది. ఆమె భర్తది.

కాగితం మడిచి బల్ల మీద పెట్టింది. "జాబితా నా దగ్గరే ఉంచుతాను," అని మాత్రం అని, క్లాసుకు వెళ్లి గుణకారం చెప్పింది. ఆ రోజు పిల్లలు రెండుసార్లు ఆమె తప్పు దిద్దాల్సి వచ్చింది.

సాయంత్రం ఐదున్నరకు భర్త దుకాణం మూసి ఇంటికి వచ్చేసరికి, ఆమె ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉంది. బ్యాగు ఇంకా భుజానికే ఉంది. ఎదురుగా అత్తగారు. పిచ్చుకను పక్కింట్లో ఆడుకోమని పంపేసింది.

"ఉత్తరం చూశాను," అన్నది.

ఆయన చెప్పులు విప్పబోయినవాడు అలాగే నిలబడ్డాడు. "నీకు చెబుదామనే అనుకున్నా..."

"ఎప్పుడు? సామాన్ల గదికి సున్నం కొట్టించాకనా?"

"నా పరిస్థితి కూడా చూడు. దుకాణానికి వచ్చిన ప్రతి ఒక్కరిదీ అదే గొడవ. కళ్లు పరీక్ష చేయించుకుంటూ కూడా, మీ ఆవిడేంటండీ మా పిల్లలకు పరాయి మాటలు నేర్పుతోంది అంటారు. కార్యదర్శిని, నేను సంతకం పెట్టకపోతే ఎలా?"

"నేను టీచర్ని. నేనెలా పెట్టకుండా ఉన్నానో అలా."

"వాణ్ణి అనకు," అన్నది పెద్ద టీచరు. "రాసింది నేను. రాయమన్నారు, రాశాను. నేను నమ్మిందే రాశాను. ముప్పై నాలుగేళ్లలో నా క్లాసులో ఒక్కరూ పరీక్ష తప్పలేదు. ఎందుకో తెలుసా? క్లాసంటే ఒకే భాష, ఒకే పద్ధతి, ఒకే అడుగు. నీ క్లాసు క్లాసులా లేదు, సంతలా ఉంది."

"తప్పినవాళ్లు లేరంటే, ముందే మానేసినవాళ్లు ఎంతమంది అత్తయ్యా?"

ఆ ఇంట్లో పెద్ద టీచరుకు ఎవరూ అలా ఎదురుచెప్పింది లేదు. పన్నెండేళ్ల కాపురంలో కోడలూ చెప్పలేదు.

"ఎంత మాటన్నావు?" అన్నాడు భర్త.

"తక్కువే అన్నాను. మన పిల్లల మాట, నడవడిక వాళ్లవి అంటుకుని పాడైపోతాయని రాశారు. సరే. పాడైనవాళ్లను కూడా ఆ గదికే పంపాలి కదా?" బ్యాగులోంచి జాబితా తీసింది. పద్నాలుగో పేరు కింద 15 అని వేసి, కూతురి పేరు రాసింది. "సోమవారం మీ మనవరాలు కూడా సామాన్ల గదిలోనే కూర్చుంటుంది. దాని తల్లి కూడా అక్కడే పాఠం చెబుతుంది. ఇప్పుడు సంతకం పెడతాను, పెట్టమంటారా?"

"పిచ్చి పట్టిందా నీకు! నా మనవరాలు చీపుళ్ల గదిలోనా?"

"ఎవరి మనవరాలైతే కూర్చోవచ్చు అత్తయ్యా, చెప్పండి. ఆ పేరు రాసుకుంటాను."

పెద్ద టీచరు ముఖం ఎర్రబడింది. కోడలు లేచి నిలబడింది.

"మీ దగ్గర నేర్చుకున్నదాన్ని నేను. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు చాక్‌పీసు ఎలా పట్టుకోవాలో కూడా మీరే చూపించారు. అందుకే అడుగుతున్నాను. రేపు ఒక్క రోజు నా క్లాసులో కూర్చోండి. చూశాక కూడా ఆ ఉత్తరమే రాయాలనిపిస్తే ఇంకో పది రాయండి. చూడకుండా రాయకండి."

"వస్తాను," అన్నది పెద్ద టీచరు. "నీ తప్పులన్నీ ఒక కాగితం మీద రాసి మరీ ఇస్తాను."

అన్నట్టే మర్నాడు పెన్నూ కాగితంతో వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. పిల్లలు లేచి నిలబడ్డారు. మొదటి పావుగంటలోనే కాగితం మీద అయిదు తప్పులు పడ్డాయి.

లెక్కల గంటలో టీచరు బోర్డు మీద రాసింది. మిల్లులో ఎనభై మూడు పెట్టెలున్నాయి, లారీలోకి నలభై ఏడు ఎక్కించారు, మిగిలినవెన్ని? రెండు జడల పిల్ల ఒకతి పెన్సిలు ముట్టకుండానే చెయ్యెత్తింది. బోర్డు దగ్గరికి వచ్చి తన భాషలో గబగబా చెప్పుకుపోయింది. పక్కనే పిచ్చుక నిలబడి బడి భాషలోకి మార్చింది. "నలభై ఏడు నుంచి యాభైకి మూడు. యాభై నుంచి ఎనభైకి ముప్పై. ఇంకో మూడు. మొత్తం ముప్పై ఆరు."

"అదేం తీసివేత? కూడుతోంది!" అన్నది పెద్ద టీచరు, ఉండబట్టలేక. "మూడులోంచి ఏడు పోదు. పక్క స్థానం నుంచి పది తెచ్చుకోవాలి. అదీ పద్ధతి."

రెండు జడల పిల్ల విని, కాసేపు ఆలోచించి, ఏదో అన్నది. సగం క్లాసు ఫక్కున నవ్వింది. పిచ్చుక నాన్నమ్మ వంక భయంగా చూసింది.

"చెప్పవే, ఏమంటోంది?"

"నాలుగు అడుగులు ముందుకేస్తే చేరిపోయేదానికి, పక్కింటికి వెళ్లి అడగడం ఎందుకు అంటోంది నాన్నమ్మా."

పెద్ద టీచరు లేచి బోర్డు దగ్గరికి నడిచింది. వెయ్యిన్ని రెండులోంచి మూడు వందల ఎనభై ఆరు తీసెయ్యమని రాసి, తనే పక్కన చెయ్యడం మొదలుపెట్టింది. మధ్యలో రెండు సున్నాలు. ఒక సున్నా దాటి ఇంకో సున్నా దగ్గరకు వెళ్లి పది తెచ్చేలోపే పిల్ల చెప్పేసింది, ఈసారి బడి భాషలోనే, ఒక్కో మాటా ఏరుకుంటూ. "ఆరు వందల... పదహారు."

పెద్ద టీచరు చివరిదాకా చేసి చూసింది. ఆరు వందల పదహారే. చాక్‌పీసు పట్టుకుని అలా నిలబడిపోయింది. కళ్లు బోర్డు మీదున్నా ఆవిడ చూస్తున్నది బోర్డును కాదని కోడలికి తెలుస్తూనే ఉంది. కాసేపటికి చాక్‌పీసు బల్ల మీద పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయింది. తప్పుల కాగితం బెంచీ మీదే ఉంది. అయిదు తర్వాత ఆరోది లేదు.

ఆ రోజే నాలుగింటికి, జాబితా సంగతి తేల్చడానికి కమిటీ సమావేశం. హాలు నిండిపోయింది. మిల్లు నుంచి ఒక్క తల్లి వచ్చింది, రెండు జడల పిల్ల తల్లి. మిల్లు దుస్తులతోనే వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కూతురు పక్కన నిలబడి అన్నీ చెవిలో చెబుతోంది. కార్యదర్శి ఉత్తరం చదవడం మొదలుపెట్టాడు. 'వీరి మాట, నడవడిక మా పిల్లలకు అంటుకోకముందే' అన్నచోట పిల్ల చెప్పడం ఆపేసింది. తల్లి అడిగింది. పిల్ల చెప్పలేదు. మళ్లీ అడిగితే, నేల చూస్తూ చెప్పింది. తల్లి వెనక్కి తిరిగింది. కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

మూడో తరగతి టీచరు లేచి ముందుకు వచ్చింది. "జాబితా ఇదిగో. పదిహేనో పేరు మా అమ్మాయిది. ఆ గదికి పొమ్మంటే పద్నాలుగు మందితో పాటు అదీ పోతుంది, నేనూ పోతాను. సంతకం మాత్రం పెట్టను. నన్ను మార్చి ఇంకొకర్ని వేసుకుంటే వేసుకోండి. ఆ వచ్చేవాళ్లతోనైనా ఈ పిల్లలకు చదువు రాదని రాయించగలరేమో చూడండి."

గోల మొదలైంది. "ఇది బెదిరింపండీ!" అన్నారొకరు. అంతలో వెనక వరసలోంచి పెద్ద టీచరు లేచింది. ఆవిడ ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు.

"ఆ ఉత్తరం ఇలా ఇవ్వరా."

కొడుకు ఇచ్చాడు. ఆవిడ దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. "ఇది నా చేతిరాత. నేను వెనక్కి తీసుకుంటున్నాను. మీకు కావాలంటే ఎవరి చేత్తో వాళ్లు రాసుకోండి. ఇదిగో పెన్ను."

పెన్ను బల్ల మీద పెట్టి నిలబడింది. అడిగినప్పుడు సంతకాలు పెట్టిన చేతులు ఇరవై రెండు. ఆ మాటలు సొంతంగా రాయడానికి ఒక్కటీ లేవలేదు. కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. "నా సంతకం కూడా లేదనుకోండి," అన్నాడు. "కళ్లద్దాలు వేరే దుకాణంలో కొనుక్కుంటామంటే కొనుక్కోండి."

టీచరు సంతకం లేనిదే జాబితా చెల్లదని హెడ్మాస్టర్ ప్రకటించాడు. ఆయన గొంతులో వినిపించింది ఊరటే. ఇద్దరు తండ్రులు అక్కడికక్కడే పిల్లలకు టీసీలు అడిగి తీసుకున్నారు.

అత్తాకోడళ్లు గెలిచామనుకున్నారు. కానీ మర్నాడు క్లాసులో ఆ పద్నాలుగు చోట్లూ ఖాళీ. ఆ మర్నాడూ అంతే. ఉత్తరంలోని మాట క్వార్టర్స్‌లో ఇల్లిల్లూ తిరిగింది. ఊరి పిల్లలు జంట లేక, పక్క ఖాళీ చోటు వంక చూస్తూ కూర్చున్నారు. మూడో రోజు సాయంత్రం బడి విడిచాక టీచరు క్వార్టర్స్ వైపు బయల్దేరితే, గేటు దగ్గర అత్తగారు నిలబడి ఉంది.

"నేనూ వస్తాను అమ్మాయ్."

మిల్లు గోడ పక్కన మట్టిరోడ్డు. సగం దూరం వెళ్లాక పెద్ద టీచరు తనే మొదలుపెట్టింది.

"నేను చేరిన మూడో ఏడు ఒక పిల్ల ఉండేది. జవాబు ఎప్పుడూ కరెక్టే. దారి మాత్రం నేను చెప్పింది కాదు. పద్ధతి లేదని ప్రతిసారీ సున్నా వేశాను. ఓసారి పక్కపిల్ల పుస్తకంలో చూసి రాశావా అని పదిమందిలో నిలదీశాను. నోరు తెరవలేదు. దానికి చెప్పడానికి మాట చాలలేదని నాకప్పుడు తట్టలేదు. తర్వాత రావడం మానేసింది. రిజిస్టర్లో 'చదువుపై ఆసక్తి లేదు' అని రాశాను. నా ముత్యాల్లాంటి అక్షరాలతో." ఆవిడ తన కుడిచేతి వంక చూసుకుంది. "నువ్వు ఆ రోజు అడిగావే, ముందే మానేసినవాళ్లు ఎంతమంది అని. నాకు లెక్క తెలియదమ్మా. నేనెప్పుడూ లెక్కపెట్టలేదు."

కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. పర్వాలేదని మాత్రం అనలేదు. పర్వాలేదని చెప్పే హక్కు తనది కాదని ఆమెకు తెలుసు.

మూడో వరసలో ఇల్లు. తలుపు తీసిన తల్లి ఇద్దర్నీ చూసి, తలుపుకు అడ్డంగా నిలబడింది. రెండు జడల పిల్ల ఆమె నడుం వెనకనుంచి తొంగి చూసింది. తల్లి నాలుగు ముక్కలు అన్నది. పిల్ల నేల చూడకుండానే బడి భాషలో చెప్పింది.

"ఇక్కడికొస్తే మా మాట మీకు అంటుకోదా అని అడుగుతోంది."

టీచరు నోరు తెరవబోతే అత్తగారు ఆపింది. ముందుకు వచ్చి, ఆ తల్లి కళ్లలోకి సూటిగా చూసింది.

"ఆ మాట రాసింది నేను. మీ పిల్లను చూడకుండా, మీతో మాట్లాడకుండా రాశాను. తప్పు నాది. ఆ క్లాసులో అందరికంటే బాగా లెక్క చేసేది మీ అమ్మాయి. నాకంటే బాగా చేసింది. నన్ను క్షమించమని అడగడానికి వచ్చాను. ఇల్లిల్లూ అడుగుతాను."

పిల్ల మొదటి వాక్యం చెప్పింది. రెండోది చెప్పింది. తర్వాత ఆగిపోయి, పెద్ద టీచరు వంక నమ్మలేనట్టు చూసింది.

"టీచర్లు కూడా 'తప్పు నాది' అంటారా?"

"అనాలి. నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. చెప్పమ్మా, మీ అమ్మకు అలాగే చెప్పు. ఒక్క మాట తగ్గించకు."

పిల్ల చెప్పింది. చెబుతుంటే దాని గొంతు మెల్లగా గట్టిపడింది. తల్లి వింటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది గానీ తలుపు వదల్లేదు. చివరకు ఒక ప్రశ్న అడిగింది.

"రేపు ఎవరైనా మళ్లీ అలా అంటే ఏం చేస్తారు అంటోంది."

అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఈసారి జవాబు కోడలిది.

"పోట్లాడతాం అని చెప్పు. మొన్న ఒక్కదాన్నే ఉన్నాను. ఇప్పుడు ఇద్దరం."

తల్లి కొంచెంసేపు ఇద్దరి ముఖాలూ వెతికింది. తలుపు మీదనుంచి చెయ్యి తీసి, పక్కకు జరిగింది. పెద్ద టీచరు చెప్పులు విడిచి, వెనక్కి తిరిగి కళ్లొత్తుకుని, లోపలికి అడుగుపెట్టింది. ఇంకా పదమూడు ఇళ్లున్నాయి.